విమానాల మైదానంలో అల్లుడి వాకబు

బెంగుళూరు వెళ్ళి వచ్చినవాళ్ళు అక్కడి పూలతోటల గురించీ, చల్లగాలి గురించీ చెబుతారు. చల్లగాలి సంగతి నేనూ చెప్పగలను. నన్ను కూర్చోబెట్టిన కాపలా గదికి కిటికీ ఉంది. తోటలు మాత్రం చూడలేదు. ఇంకా వెళ్ళని వారికి పనికొచ్చే ముక్క ఒక్కటే నా దగ్గరుంది, ముందే చెప్పేస్తాను: విమానాల మైదానం గేటు దగ్గర సిపాయి చేతిమీద కండువా వెయ్యకండి. నేనెందుకు వేశానన్నది కొంచెం పొడుగు కథ.

అనకాపల్లి

నేను బెల్లం దలాలిని. మాట అమ్ముకుని బతికేవాణ్ణి. పగలంతా బజారులో అమ్మగా మిగిలిన మాటలు సాయంత్రం రీడింగు రూములో ఊరికే పంచిపెడుతుంటాను. ఈ చలికాలంలో పేపర్లో ఒక వార్త పడింది. మన ప్రభుత్వం ఇంగ్లీషువాళ్ళ దగ్గర జెట్టు విమానాలు కొంటోందట. వాటికి ముందు పంకా ఉండదట, వెనకనుంచి మంట కక్కుతూ పోతాయట.

నాకు పూనకం వచ్చింది. బల్ల గుద్ది, "నిన్న గుమ్మం బయటికి నెట్టినవాడి ఇంటికే ఇవాళ సంచి పట్టుకు వెళ్ళడమా? సీమగుడ్డ తగలబెట్టిన చేతులతో సీమవిమానం కొనడమా?" అన్నాను. చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు పొయ్యిమీది పాకంలాంటివి. కాలుతుందని తెలిసీ వేలు పెడతాను. ఆ వేడిలోనే, "అలాంటి విమానాలు తుడిచేవాడికి నా పిల్లనిచ్చేది లేదు!" అని కూడా అనేశాను.

విమానాల మధ్యలోకి నా పిల్ల ఎందుకొచ్చిందో చెప్పాలి. సబ్బవరం నుంచి మా నూకరత్నానికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు సన్యాసిరావు. రైతుబిడ్డ. బెంగుళూరు అవతల వైమానిక దళంలో ఫిట్టరు. సరిగ్గా ఆ కొత్త విమానాల మీద పనికే తీసుకున్నారట. అతను సెలవుకి వచ్చినప్పుడు నా భార్యా, పిల్లా సబ్బవరం వెళ్ళి చూసి వచ్చారు. అది బెల్లం సీజను గనక నేను వెళ్ళలేదు.

రీడింగు రూములో నా ప్రతిజ్ఞ నాకంటే ముందు ఇల్లు చేరింది. నా భార్య అన్నం వడ్డిస్తూ, "ఊరందరి ముందూ అనేసేవు. మరి ఆ కుర్రాడిలో ఏటి తప్పుందో ఎల్లి సూసొచ్చి నాకు సెప్పు. తప్పుంటే మానీద్దుం. లేదంతే ఉగాదిలోగా మాటియ్యాల. ఆ తరవాత ఆల్లు కాసుక్కూకోరు," అంది.

అలా నేను అబ్బాయిని చూడడానికి కాక, అబ్బాయిలో తప్పు వెతకడానికి బయలుదేరాను. పిల్ల ఏమంటుందో అడగాలని నాకు తట్టనే లేదు. పిల్ల వాకిట్లోనే ఉంది, నా ప్రయాణానికి అటుకులు మూట కడుతోంది.

యలమంచిలి నుంచి తుని దాకా

నాకు తోడు ఖాదర్. పెళ్ళిళ్ళకి గ్యాసు లైట్లు అద్దెకిచ్చే మనిషి. మాది చిన్ననాటి స్నేహం, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. లైట్లలో మంట చుట్టూ తొడిగే జాలీలు, మేంటిళ్ళు, బెంగుళూరులో సరసంగా దొరుకుతాయని, అక్కడ సిపాయిల దండు బజారులో ఉన్న తన పినతండ్రి కొడుకుని చూసినట్టూ ఉంటుందని వచ్చాడు.

యలమంచిలిలో ఎండుచేపల గంపతో పూడిమడక మనిషి ఒకామె ఎక్కింది. గంప నా కాళ్ళమీద దింపి, "ఏటి బాబూ, ఎందాక?" అంది.

మావైపు పిల్లనిచ్చేవాడు వాకబుకి వెళితే ఎందుకు వెళుతున్నాడో ఎవరికీ చెప్పకూడదు. అంచేత, "తీర్థానికమ్మా," అన్నాను.

ఆమె నా కాళ్ళకేసి చూసింది. "తీర్తానికెల్లీవోడు కొత్త జోల్లేసుకుంతాడేటి? పిల్లనియ్యడానికెల్తన్నావు."

ఖాదర్ పగలబడి నవ్వాడు. నా రహస్యం ఇరవైమైళ్ళు కూడా ఆగలేదు. అబ్బాయి విమానాల పనిలో ఉన్నాడని ఖాదరే చెప్పేశాడు. ఆమె, "యుద్దం రోజుల్లో మా మావ సంద్రంలోకి యేటకెల్లినప్పుడు నెత్తిమీద ఇమానాలు తిరిగీవి. ఎవలివో తెల్దు. ఆల్లు తలెత్తి సూసీవోరు, మేం ఒడ్డున్నిలబడి సూసీవోలం. మనోల్లవా, పైవోల్లవా? మనోల్లకుంతే గదా తెల్డానికి!" అని తునిలో గంపెత్తుకుని దిగిపోయింది. ఎండుచేపల వాసన మాత్రం మద్రాసు దాకా నాతోనే వచ్చింది.

ఆమె దిగగానే ఖాదర్ అందుకున్నాడు. "సీమవి కొనకూడదంతావు. మరి నీ తోటలో ఇనప గానుగెక్కడిది బావా? మీ తాత సేసేడా?"

"అది వేరు. కొట్టిన చెరుకు ఆగుతుందా? మర్నాటికి పులుస్తుంది. మన వడ్రంగి గానుగ చేసేదాకా కూర్చుంటే దిగేది బెల్లం కాదు, కల్లు."

"ఆకాసం మాత్రం ఆగుతాదేటి మరి?"

నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "నీ మేంటిళ్ళ మాటేమిటి? యుద్ధంలో ఓడలు ఆగిపోతే కొట్టునిండా లైట్లుండీ పెళ్ళివారికి ఆముదం దీపాలు పెట్టించేవు. లైటు నీది, వెలుగు సీమవాడిది."

"అదీ నిజవే," అని తల గోక్కున్నాడు. ఇద్దరం ఓడిపోయి సామర్లకోటలో వేరుశెనగలు కొనుక్కున్నాం.

మద్రాసు

మద్రాసులో రైలు మారడానికి ఒక పూట ఉన్నాం. రేషను రోజులు గనక హోటల్లో అన్నం గిన్నెతో కొలిచి పెడుతున్నారు. మారు అడిగితే వడ్డించేవాడు నన్ను మామగారి ఇంట్లో మూడోవారం కూర్చున్న అల్లుణ్ణి చూసినట్టు చూశాడు. కాఫీ మాత్రం అణాకి రెండు పాత్రల్లో ఇస్తారు, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పొయ్యడానికి. మన ఊళ్ళో ఒక్క గ్లాసుతోనే సరిపెడతారంటే పక్కనున్నాయన జాలిపడ్డాడు.

కొత్త జోళ్ళు మడమలు కొరికేశాయి. అక్కడినుంచి నా నడక కుంటినడకైంది. ఈ కుంటడం కూడా తరవాత నామీద సాక్ష్యం చెప్పింది.

బెంగుళూరు

సాంబారులో బెల్లం వేస్తారని విన్నాను గాని, నమ్మలేదు. నిజమే. మొదటి ముద్దకే అది ఎలాంటి బెల్లమో తెలిసింది: అచ్చుల్లో పోసిన లేతరంగు సరుకు, చూపుకే గాని తీపికి కాదు. ఆ మాట హోటలాయనతో అన్నాను. ఆయన, "తిన్నారు గదా మొత్తం," అన్నాడు. ఆయనకి తెలుగొచ్చు. ఆ బజారులో సగం మందికి తెలుగొచ్చు. నా కొంప ముంచింది ఆ ధైర్యమే.

మర్నాడు విమానాల మైదానం బయట కిళ్ళీకొట్టు దగ్గరా, సిపాయిల బట్టలు ఉతికే చాకలి దగ్గరా వాకబు మొదలుపెట్టాను. మనవైపు పద్ధతి అదే గదా. పేరు చెప్పకుండా, కారణం చెప్పకుండా, పక్కనుంచి అడగాలి. నేను అడిగినవి ఇవి: లోపల ఫిట్టర్లు ఎందరు? రాత్రిళ్ళు కూడా పని చేస్తారా? కొత్త విమానాలు ఇక్కడే ఉంటాయా, ఉత్తరాదికి తీసుకుపోతారా? తీసుకుపోతే ఎప్పుడు?

పిల్లని కాపరానికి పంపే తండ్రి ఇవి అడక్కపోతే తప్పు. మైసూరు సంస్థానంలో మనలా మద్యనిషేధం లేదు గనక, జీతం రోజున వాళ్ళంతా ఎక్కడికి వెళతారని కూడా అడిగాను. కిళ్ళీకొట్టాయన నాకు ఆకు చుట్టి ఇచ్చి, పక్క మనిషికి కన్నడంలో ఏదో చెప్పాడు. ఆ మనిషి సైకిలెక్కి గేటు వైపు వెళ్ళాడు. నాతో మాట్లాడ్డం ఆయనకి అంత నచ్చి, మరొకరిని పిలిపిస్తున్నాడనుకున్నాను.

గేటు

ఇక ఆ విమానం సంగతి. కంచె అవతల ఒకటి నేలమీద కనబడింది. వెండిరంగు. తోక రెండు కాళ్ళమీద నిలబెట్టినట్టుంది. ఇంతేనా, మా బెల్లంబండి కంటే కొంచెం పొడుగు, అనుకున్నాను. అప్పుడే ఇంకోటి మా వెనకనుంచి వచ్చింది. వచ్చిందనడం తప్పు. మొదట వెళ్ళిపోయింది, చప్పుడు తరవాత వచ్చింది. ఆకాశాన్ని కొసనుంచి కొసకి గుడ్డ చించినట్టు చించింది.

తెలివి వచ్చేసరికి నేను రోడ్డుమీద బోర్లా పడుకుని ఉన్నాను. చెవులు రెండు చేతుల్తో మూసుకున్నాను. చుట్టూ అందరూ నిలబడే ఉన్నారు. ఒక మేక కూడా నిలబడే ఉంది.

ఖాదర్ నామీదికి వంగి, "పెనం తేనేదు గదా బావా!" అన్నాడు.

ఈ పెనం సంగతి మా ఊరివాళ్ళకి తెలుసు, మీకు తెలియదు. యుద్ధంలో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడినప్పుడు మా ఊళ్ళో కాకి అరిచినా తలెత్తి చూసేవాళ్ళం. ఒకనాడు ఏదో విమానం చప్పుడు వినిపిస్తే మా కళ్ళంలో ఇటికలమీద బోర్లించి ఉన్న, బెల్లం కాచే పెద్దపెనం కిందికి దూరాను, అప్పటికి చిన్నపిల్లయిన నూకరత్నాన్ని కూడా లాక్కుని. బయటికి వచ్చినప్పుడు నల్లగా మసిబొమ్మలా ఉన్నాను. పిల్లని కాపాడ్డానికి వెళ్ళానని చెప్పుకున్నాను గాని, ముందు దూరింది నేనే. ఖాదర్ దాన్ని ఈనాటికీ మరవడు.

అంతలో ఒక ఉత్తరాది సిపాయి వచ్చి నన్ను భుజం పట్టి లేపాడు. దుమ్ము దులిపాడు కూడా. మంచివాడు. నా సిగ్గు కప్పుకోవడానికి ఏదైనా పెద్దమనిషి తరహా మాట మాట్లాడాలనిపించింది. ఫిట్టరు జీతమెంతో ఇతనికి తెలిసే ఉంటుంది, అడుగుదామనుకున్నాను. నా హిందీ అంతదాకా పోదు. మా బజారులో పాత దలాలీలం ధర పైకి అనం. ఎదటివాడి చేతిమీద కండువా కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి చెబుతాం. చేతులు అలవాటుగా కదిలాయి. సిపాయి చేతిమీద కండువా కప్పి, "ఫిట్టర్? ఫిట్టర్?" అంటూ, జీతం నాలుగు పదులా అన్నట్టు నాలుగు వేళ్ళు నొక్కాను.

అతను చెయ్యి లాక్కుని ఈల వేశాడు.

కాపలా గది

ఖాదర్‌ని గేటు బయటే ఉంచి నన్నొక్కణ్ణే లోపలికి తీసుకుపోయారు. గుబురుమీసాల అధికారి బల్లమీద నా సొత్తంతా పరిచారు: అటుకులు, ఒక జోడు, కండువా. కండువాని వెలుతురుకి ఎత్తి రెండువైపులా చూశారు. చాకలి చెప్పినదీ, కిళ్ళీకొట్టాయన చెప్పినదీ ఇంగ్లీషులో చదివి, ఒక గుమాస్తా చేత నాకు తెలుగులో చెప్పించారు. వింటుంటే నాకే అనుమానం వచ్చింది, ఈ మనిషిని ఊరికే వదలకూడదని. సిపాయికి లంచం ఇవ్వజూపాడన్నారు. కుంటుతున్నట్టు నటిస్తున్నాడన్నారు.

"ఎవరికోసం వచ్చావు?"

ఫిట్టరు సన్యాసిరావు కోసం అన్నాను. పిలిపించారు. చేతులకి నూనెమరకలతో, ఎత్తుగా, నల్లగా ఉన్న కుర్రాడు వచ్చి నిలబడ్డాడు.

"ఈయన్ని ఎరుగుదువా?"

అతను నన్ను నిదానంగా చూసి, "ఎరగను సార్," అన్నాడు. అక్షరాలా నిజం. నేను సబ్బవరం వెళ్ళి ఉంటే ఎరిగేవాడు.

ఇక ఆగలేకపోయాను. "బాబూ! నేను అనకాపల్లి నూకరత్నం తండ్రిని! నీకు కాబోయే మావని!"

అధికారి అతనికేసి తిరిగి, "నీకు పెళ్ళి నిశ్చయమైందా?" అన్నారు.

"ఆ అమ్మాయి తండ్రి ఒప్పుకోలేదని విన్నాను సార్."

"ఇప్పుడే ఒప్పుకున్నాను!" అన్నాను.

ఆయన నవ్వలేదు. మా ఊరి పోలీసు స్టేషనుకి టెలిగ్రాం ఇస్తామన్నారు. జవాబు వచ్చేదాకా నేను ఈ గదిలో ఉండాలి. సన్యాసిరావు కొత్త విమానాల షెడ్డులో అడుగుపెట్టకూడదు. ఆ రెండోమాట వినగానే అతని ముఖం ఎలా అయిందో నేను చూశాను. నామీద కోపం కాదు. చేతికందిన పళ్ళెం ఎవరో తీసేసినట్టు.

సాయంత్రం అతనే నాకు అన్నం తెచ్చాడు. అన్నం అంటే రాగిముద్ద. "తినండి. మన చోడి అంబలే, ఉండ కట్టేరంతే," అన్నాడు. నమలకుండా మింగాలట. నేను నమిలాను. పళ్ళకి అంటుకుని చాలాసేపు మాట రాలేదు. నన్నెరిగినవాళ్ళెవరూ చూడకపోవడం వాళ్ళ దురదృష్టం.

మాట వచ్చాక, "నా మూలాన నీ పనికి ముప్పు వస్తుందా?" అన్నాను.

"తెల్దండి. పెద్దపని నేర్పడానికి కొందరిని సీమ పంపుతారంతన్నారు. నా పేరుందన్నారు. ఇప్పుడుంటాదో ఉండదో."

ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. ఏదో ఒకటి మాట్లాడాలని, రీడింగు రూములో ఎత్తిన సంగతే ఎత్తాను. కాకపోతే ఈసారి బల్ల గుద్దలేదు. "మనమే చేసుకోలేమా, బాబూ, ఈ విమానాలు?"

"సేసుకుంతాం. ఎప్పుడో నాను సెప్పలేను. ఈలోగా ఎవడో మీదికొచ్చి, ఉండండి నేర్చుకుంతన్నాం అంతే ఆగుతాడేటండి?" కిటికీలోంచి షెడ్డుకేసి చూశాడు. "అలగని ఇదేదో సుకవని కాదు. అమ్మినోల్లు ఓ దొరని కూడా పంపించేరు. కొన్ని పెట్టెల తాళాలు ఆయన కాడే ఉంతాయి. సిన్న మర పోయినా ఆయన్నే అడగాల. నాకూ ఒల్లు మండుద్ది."

"మరి వాడి దగ్గరే ఎందుకు?"

"మీరు దలాలీ గదండి. మీ బజార్లో కోపాలున్నోల్లు ఒకల్దగ్గరొకలు సరుకు కొన్రేటి?"

కొంటారు. కోర్టులో వ్యాజ్యం ఆడుకునేవాళ్ళ చేతులు కలిపి నేనే ఎన్నోసార్లు కండువా కప్పాను. సరుకు వాడి దగ్గరుంది, అవసరం వీడికుంది, అంతే. పైకి మేం చూసేది కండువానే. కింద ఏ వేలు ఎంత నొక్కిందో, ఏ షరతు ఒప్పుకున్నారో ఆ ఇద్దరికే తెలుసు. మన దేశానిదీ, సీమదీ బేరం కూడా అలాంటిదే అయి ఉంటుంది. దలాలీ చేసి తలనెరిసినవాణ్ణి, కండువామీద కనిపించిన ముడతలు చూసి రీడింగు రూములో లోపలి ధర చెప్పేశాను. అది సిగ్గుచేటు బేరమో, తప్పనిసరి బేరమో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదన్న మాట మాత్రం మొదటిసారి ఆ గదిలో అనుకున్నాను.

మర్నాడు టెలిగ్రాం వచ్చింది. అధికారి చదివి, మొదటిసారి మీసాల్లో నవ్వి, నాకు చూపించారు. మా సబినస్పెక్టరు మాటలు పొదుపుగా వాడాడు. తెలుగులో చెబితే ఇంత: "మనిషి తెలుసు. వాగుతాడు. అపాయం లేదు."

సన్యాసిరావుని మళ్ళీ షెడ్డులోకి రమ్మన్నారు. సీమకి పంపే సంగతి పైవాళ్ళు తేల్చాలన్నారు. గేటు దాకా నన్ను దింపి అతను, "ఒకమాటండి. మీరు బయటపడ్డానికి నన్ను అల్లుడన్నారు. ఆ మాట పట్టుకుని పెల్లాడితే నాకు మర్యాద కాదు. మీ అమ్మాయినడగండి. ఆమె కాదంతే మీ మాట మీకిచ్చీసినట్టే," అన్నాడు.

ఇతనే, నేను తప్పు వెతకడానికి వెళ్ళిన కుర్రాడు.

తిరిగి అనకాపల్లి

ఖాదర్ మేంటిళ్ళు గడ్డిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారంతా నన్ను కదలనివ్వలేదు. స్టేషనులో దిగేసరికి జట్కావాడు, "ఏటండి, అపాయం లేదంట గదా!" అన్నాడు. టెలిగ్రాం మాకంటే ముందు ఊరు చేరింది. రీడింగు రూములో ఆ సాయంత్రం ప్రసంగం చెయ్యమన్నారు. గొంతు బాగులేదన్నాను. ఎవరూ నమ్మలేదు.

నా భార్య, "ఏటి తప్పు కనిపెట్టేవు?" అంది. "ఉంది. నాలో," అన్నాను. "అది తెలుసుకోడానికి బెంగులూరెల్లాలా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నూకరత్నం కళ్ళంలో బోర్లించిన పెనం పక్కన కూర్చుని చింతపండు పిక్క తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. పిల్లని ఏదైనా అడగడం నాకు అలవాటు లేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, "అమ్మా, ఆ అబ్బాయిని చేసుకోవడం నీకు ఇష్టమేనా?" అన్నాను.

ఆమె చేతిలో పిక్క అలాగే ఉంచుకుని, "సబ్బవరంలో ఆయన్ని నేనొకటి అడిగేను నాన్నా," అంది. "చీకట్లో విమానం చప్పుడు వింటే అది మనదో కాదో మీకు తెలుస్తాదా అని. తెలుస్తాదన్నారు."

నేను పెనంకేసి చూశాను. ఆమె కూడా చూసింది.

"అక్కడ నువ్వూ విన్నావు గదా. నీకు తెలిసిందా, మనదని?"

"లేదమ్మా. బోర్లా పడుకున్నాను."

నూకరత్నం నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. మళ్ళీ పిక్కలు తియ్యడం మొదలుపెట్టి, "మరి ఇంట్లో ఒకరికైనా తెలియాలి గదా," అంది.

సబ్బవరానికి బండి కట్టమన్నాను. వీధిలోంచి పోతుంటే రీడింగు రూము అరుగుమీదినుంచి ఎవరో, "ఎవరికేటి పిల్లనిస్తన్నావు?" అని కేకేశారు. కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ వీధంతా వినపడేట్టు చెప్పాను, విమానాలు తుడిచేవాడికేనని.